చప్పట్లూ టు-లెట్ బోర్డులూ

షుక్రియా అనే మాట మా ఇళ్ళల్లో వినపడదు. ఈ సంగతి చెబితే హిందూ మిత్రులు చాలామంది నమ్మరు. సినిమాల్లో టోపీ పెట్టుకున్న పాత్ర నోరు తెరిస్తే 'షుక్రియా', 'ఖుదా హాఫిజ్' తప్ప ఇంకో మాట రాదు కదా! వాళ్ళకు మేము పరిచయమయ్యేది అక్కడే. అమరాపురం, మడకశిర, హిందూపురం వైపు మేము మాట్లాడేది లక్నో ఉర్దూ కాదు. కన్నడమూ తెలుగూ కలిసిపోయిన తురక మాట. మేలు చేసిన మనిషిని మా ముసలమ్మలు 'అల్లా భలా కరే బాబా' అని దీవిస్తారు. పక్కింటి బోయామె అదే పనికి 'నీ కడుపు సల్లగుండ' అంటుంది. ఊరు దాటి కర్ణాటకలో కాలు పెడితే 'నిన్న హొట్టె తణ్ణగిర్లి' అంటారు. మూడు భాషల్లోనూ ఉన్నది దీవెన. 'ధన్యవాదాలు' సభలో వందన సమర్పణ చేసేవాడి మాట. 'థాంక్స్' కండక్టరు చిల్లర తిరిగి ఇచ్చినప్పటి మాట. నిజంగా గుండె తడిసినప్పుడు మన మనిషి అనేది ఒకటే: 'నీ రుణం ఎట్ల తీర్చుకునేది?'

రుణం. అంటే మన పల్లె లెక్కలో మేలు పొందడం అప్పు పడడమే. అప్పు తీసుకున్నవాడికీ ఇచ్చినవాడికీ ముఖాలుంటాయి, పేర్లుంటాయి. పెనుకొండ బాబయ్య దర్గాలో మొక్కుకున్నవాడు తురకోడైనా కాపోడైనా, పని జరిగినాక పోయి చదివింపులు చేయించుకొని వస్తాడు. చార్జీ పెట్టుకొని, కూలి పోగొట్టుకొని పోతాడు. మొక్కు ఎగ్గొట్టినవాడికి నిద్ర పట్టదు. ఈ లెక్క పట్టుకొనే 2020 నాటి చప్పట్ల గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను. ఇన్నేళ్ళ తర్వాత ఎందుకంటే, అప్పుడు ఈ మాట అనడానికి మాకు ధైర్యం లేదు. అనగలిగిన లౌకిక మిత్రులు కూడా సగమే అన్నారు.

2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. సాయంత్రం 5 గంటలకు ఐదు నిమిషాలపాటు ఎవరి గుమ్మంలో, ఎవరి బాల్కనీలో వాళ్ళు నిలబడి చప్పట్లు కొట్టమనీ, పళ్ళేలు, గంటలు మోగించమనీ ప్రధానమంత్రి అంతకు మూడు రోజుల ముందు టీవీలో కోరినారు. డాక్టర్లకు, నర్సులకు, రోడ్లు ఊడ్చేవాళ్ళకు, సరుకులు చేరవేసేవాళ్ళకు కృతజ్ఞతగా. (బాల్కనీలు మా ఊళ్ళో లేవు, అరుగులున్నాయి. ఆ విన్నపం ఎవరిని కళ్ళ ముందు పెట్టుకొని రాసినారో ఆ ఒక్క మాటే చెబుతుంది.) రెండు వారాలకు, ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పి దీపాలు పెట్టమన్నారు. మే 3న వైమానిక దళం హెలికాప్టర్లు ఆసుపత్రుల మీద పూలు చల్లినాయి. హైదరాబాదు గాంధీ ఆసుపత్రి మీద కూడా పడినాయి ఆ పూలు.

ఆ ఐదు నిమిషాలు వట్టి నాటకం అని నేను అనను. అట్లా అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. పొద్దున్నుంచీ వీధిలో కుక్క తప్ప ఏదీ కదలని రోజు. తలుపులు మూసుకొని కూర్చున్న జనానికి పక్కింట్లో మనిషి ఉన్నాడని తెలిపిన చప్పుడు అది. పిల్లలకు పండుగ. ముసలివాళ్ళకు ధైర్యం. కొన్ని ఊళ్ళల్లో మందలు మందలుగా రోడ్డెక్కి ఊరేగినారు. అది కరోనాకు చేసిన ఉపకారం, డాక్టర్లకు కాదు. కానీ ఎక్కువమంది తమ గడపలోనే నిలబడి, తమకు చేతనైన విధంగా ఒక మంచి మాట చెప్పాలనుకున్నారు. అట్లా అనుకోవడంలో అబద్ధం లేదు. మా వీధిలోనూ పళ్ళేలు మోగినాయి. స్టీలు పళ్ళెం, అట్లకాడ, కుక్కరు మూత, ఏది దొరికితే అది.

అయితే మా వీధి పళ్ళెంలో రెండు చప్పుళ్ళు ఉన్నాయి. ఒకటి కృతజ్ఞత. రెండోది భయం. కొట్టకపోతే ఎవరైనా చూస్తారేమో, రేపు అడుగుతారేమో అన్న భయం. 2019 డిసెంబరులో పౌరసత్వ చట్టానికి సవరణ చేసినారు. కాగితాలు వెతుక్కుంటూ, రేషన్ కార్డులో తాత పేరు, ఓటరు కార్డులో తాత పేరు సరిపోతున్నాయా లేదా అని చూసుకుంటూ ఆ చలికాలం గడిపినాం. ఆ మూడు నెలల తర్వాత వచ్చిన పళ్ళెం ఇది. ఏప్రిల్ 5 నాటికి ఇంకా ముదిరింది. ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ వార్త అప్పటికి వారం రోజులది. దీపం పెడితే షిర్క్ అవుతుందా అని ఇళ్ళల్లో చర్చ. దర్గాలో దీపం పెట్టే చేతులే కదా ఇవి, పీర్ల పండుగకు వెలిగించే చేతులే కదా అని ఒకరు. అది వేరు, ఇది వేరు అని ఒకరు. ఆఖరికి సెల్‌ఫోన్ టార్చి వెలిగించి ఊపుదాం, దానికి ఏ మజహబూ లేదు అని పిల్లలు తీర్పు చెప్పినారు. ఈ చర్చంతా నిజంగా దీని గురించి కాదు. ఆ రాత్రి వెలుగు లేని ఇల్లు ఎవరిదో ఊరంతా చూస్తుంది. అదీ విషయం.

పళ్ళెం కొట్టని హిందూ మిత్రుణ్ణి హేతువాది అంటారు. మహా అయితే మొండివాడంటారు. పళ్ళెం కొట్టని ముస్లింను ఏమంటారో నేను రాయనక్కరలేదు. ఒకే మౌనానికి రెండు పేర్లున్నచోట కృతజ్ఞత అన్నది కృతజ్ఞతగా మిగలదు, హాజరు పట్టీ అవుతుంది. హాజరు పలికినవాడి గొంతులో ప్రేమ ఉందా లేదా అని ఎవరూ చూడరు, పలికినాడా లేదా అనే చూస్తారు. నిజంగా డాక్టరును ప్రేమించి పళ్ళెం కొట్టిన మా అమ్మల చప్పుడు కూడా ఈ హాజరులో కలిసిపోయింది. దీన్ని నేను చిన్న నష్టం అనుకోను. మనసులో ఉన్న మంచిని నీ ఇష్టంతో చెప్పుకునే అవకాశం కూడా పోవడం అది.

ఇంకో చిన్న మాట. ఆ తొమ్మిది నిమిషాల్లో దేశం మొత్తం మీద కరెంటు వాడకం సుమారు 32 వేల మెగావాట్లు పడిపోయింది. ముందు వేసిన అంచనాకు రెండింతలకు పైన. గ్రిడ్ కూలిపోకుండా జలవిద్యుత్ కేంద్రాల్లో ఉత్పత్తిని దించి, మళ్ళీ ఎత్తి కాపాడినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు ఏ దీపమూ లేదు.

ఇక టు-లెట్ బోర్డుల సంగతి. మార్చి 22న చప్పట్లు. మార్చి 24న ఢిల్లీ ఎయిమ్స్ రెసిడెంట్ డాక్టర్ల సంఘం కేంద్ర హోంమంత్రికి ఉత్తరం రాసింది. అద్దె ఇళ్ళ యజమానులు డాక్టర్లను, నర్సులను ఇళ్ళు ఖాళీ చేయమంటున్నారు, సామాన్లతో రోడ్డు మీద పడినాం, ఆదుకోండి అని. చేతుల మంట ఇంకా ఆరనేలేదు! చప్పట్లు కొట్టినవాళ్ళు వేరు, ఖాళీ చేయమన్నవాళ్ళు వేరు అనుకోవడానికి లేదు. దేశమంతా కొట్టినారు కదా, మరి ఈ యజమానులు ఏ దేశంవాళ్ళు? తెలుగునాట కూడా ఇదే కథ నడిచింది. నెల్లూరులో పనిచేసిన ఒక ఎముకల డాక్టరు ఏప్రిల్‌లో కరోనాతో చెన్నై ఆసుపత్రిలో చనిపోతే, అంబత్తూరు శ్మశానంలో దహనం చేయనీయలేదు చుట్టుపక్కలవాళ్ళు. వారం తిరక్కముందే అదే చెన్నైలో న్యూరోసర్జన్ సైమన్ హెర్క్యులస్ మృతదేహాన్ని తీసుకుపోతున్న అంబులెన్సు మీద రాళ్ళు పడినాయి. తోటి డాక్టరు ఒకాయన అర్ధరాత్రి పార పట్టుకొని ఆ గుంత పూడ్చవలసి వచ్చింది.

ఇది చదివి లౌకిక మిత్రులు తల్లడిల్లినారు. ఎంత అమానుషం అన్నారు. నిజమే. కానీ మాకు తల్లడింపుతోపాటు ఇంకొకటి కూడా కలిగింది. గుర్తుపట్టడం. ఈ మాటలు మేము ముందే విన్నాం. "మీరంటే మాకు చాలా గౌరవం సార్, కానీ ఇంట్లో పిల్లలున్నారు" — ఇది డాక్టరుకు చెప్పింది. "మాకేం పట్టింపు లేదు భాయ్, పైపోర్షనోళ్ళు నీసు ఒప్పుకోరు" — ఇది మాకు చెప్పేది. బెంగుళూరులో, హైదరాబాదులో, మన అనంతపురంలో ఇల్లు వెతికిన ప్రతి ముస్లిం పిల్లవాడికీ ఇది కంఠతా వచ్చు. ఫోన్లో ఇల్లు ఖాళీగా ఉంటుంది. పేరు చెప్పగానే "ఇప్పుడే ఎవరికో ఇచ్చేసినామప్పా" అవుతుంది. ఏం, ఆ యజమాని ముస్లింలను ద్వేషిస్తాడా? అడిగి చూడండి. అబ్దుల్ కలాం అంటే ప్రాణం అంటాడు. బిస్మిల్లాఖాన్ షెహనాయి లేనిది పెళ్ళే కాదంటాడు. గోడ మీద ఉన్న ముస్లిం మీద ఉన్న ప్రేమ గడపలో నిలబడ్డ ముస్లిం దగ్గరికి రాదు. డాక్టర్ల విషయంలో దేశం చేసింది అచ్చంగా ఇదే. 'డాక్టరు' అనే బొమ్మకు చప్పట్లు కొట్టింది, తన మెట్లెక్కే డాక్టరును దిగిపొమ్మంది.

తేడా లేదని కాదు. డాక్టర్ల మీద అనుమానం ఒక జబ్బుతో వచ్చింది, దాంతోనే పోయింది. 2020 ఏప్రిల్ 22న వాళ్ళ మీద దాడి చేస్తే ఏడేళ్ళదాకా జైలు అని ఆర్డినెన్సు కూడా వచ్చింది. మా బోర్డుకు ఆర్డినెన్సు లేదు. ఉన్నత కులాల డాక్టర్లు కొందరు ఆ నెల రోజుల్లో జీవితంలో మొదటిసారి 'ఇల్లు ఇవ్వం' అనే మాట విన్నారు. ఆ అనుభవం వాళ్ళకు ఏమైనా నేర్పిందా? వాళ్ళ సొంత ఇళ్ళకు టు-లెట్ బోర్డు పెట్టినప్పుడు తెలుస్తుంది.

అవే వారాల్లో మర్కజ్ మీద జరిగిన ప్రచారం మీకు గుర్తుండే ఉంటుంది. మీరు మరిచిపోయినా మాకు గుర్తుంది. మార్చి మధ్యలో తబ్లీగీ జమాత్ సమావేశానికి పోయి వచ్చినవాళ్ళకు జబ్బు అంటింది, వాళ్ళ నుంచి ఇతరులకు అంటింది. ఇది నిజం, దాచవలసింది కాదు. ఆ కాలంలో అన్ని జాగ్రత్తలు తీసుకున్నారా అంటే లేదనే నేనూ అంటాను. కానీ జబ్బు అంటుకున్నవాణ్ణి జబ్బు అంటించడానికి బయలుదేరినవాడిగా మార్చినారు. టీవీలు దానికి జిహాద్ అని పేరు పెట్టినాయి. కూరగాయల బండివాణ్ణి ధర అడగడం మాని పేరు అడిగినారు. 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం విదేశీ జమాతీల మీద కేసులు కొట్టివేస్తూ, వీళ్ళను బలిపశువులను చేసినారన్న అర్థంలో గట్టిగానే రాసింది. జమాతీలకు ఇండ్లల్లో, మసీదుల్లో ఆశ్రయమిచ్చినారన్న కేసుల్లో 70 మంది భారతీయుల మీద ఆరోపణలను ఢిల్లీ హైకోర్టు 2025 జూలైలో కొట్టివేసింది. ఐదేళ్ళు! ఆ రోజు ఎవరూ పళ్ళెం మోగించలేదు. మోగించమని అడగడం లేదు. కృతజ్ఞతకు ఐదు నిమిషాలు కేటాయించగలిగిన దేశం క్షమాపణకు ఎన్ని నిమిషాలు కేటాయించిందీ అని మాత్రం అడుగుతున్నాను.

హిందూపురం అప్పుడు రెడ్ జోన్. ఆ పక్కనే పరిగి పోలీసు స్టేషనులో పనిచేసిన ఒక ఏఎస్సై ఆ ఏప్రిల్‌లోనే కరోనాతో చనిపోయినాడు. ముస్లిం. అనంతపురం పెద్దాసుపత్రిలో ఇద్దరు డాక్టర్లకూ ఇద్దరు నర్సులకూ అంటుకుంది. మా జిల్లాలో భయానికి ముఖం అట్లా ఉండింది. కాపాడేవాడికే వచ్చింది, ఏ మతమో చూడకుండా వచ్చింది. టీవీ మాత్రం మతం చూసింది.

ఇప్పుడు నర్సీపట్నం పోవాలి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ ఊరు. అక్కడి ఏరియా ఆసుపత్రిలో మత్తుమందు డాక్టరు సుధాకర్. దళితుడు. 2020 ఏప్రిల్ మొదటి వారంలో, అంటే దీపాలు పెట్టిన ఆ రోజుల్లోనే, మాకు ఎన్95 మాస్కులు లేవు, పీపీఈ కిట్లు లేవు, ఇట్లా అయితే ఎట్లా పనిచేసేది అని కెమెరాల ముందు అడిగినాడు. సస్పెండ్ చేసినారు. మే 16న విశాఖపట్నం నడిరోడ్డు మీద, చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టి పోలీసులు ఆటోలో ఎక్కించిన దృశ్యం రాష్ట్రమంతా చూసింది. తాగి గొడవ చేసినాడన్నారు పోలీసులు. అక్కడినుంచి మానసిక ఆసుపత్రికి పంపినారు. హైకోర్టు కలగజేసుకొని సీబీఐ విచారణకు ఆదేశించింది. ఏడాది తిరిగేసరికి, 2021 మే 21న, ఆయన గుండెపోటుతో చనిపోయినాడు.

మే 3న పూలు. మే 16న తాడు. మధ్యలో పదమూడు రోజులు.

'ఒక్కటి పట్టుకొని అన్ని చప్పట్లనూ తప్పు పడతావా' అని ఒక మిత్రుడు అడిగినాడు. మంచి మనిషే, వామపక్షం వైపు నిలబడేవాడే. 'చప్పట్లు మాస్కులకు బదులు అని ఎవరన్నారు? రెండూ ఉండవచ్చు కదా' అన్నాడు. ఉండవచ్చు. కుటుంబంలో ఉంటాయి కూడా. కానీ ప్రభుత్వం పిలుపునిచ్చి, జనం చేత చెప్పించే కృతజ్ఞతకు ఒక గుణం ఉంది. అది ముందు నీకొక బిరుదు ఇస్తుంది. 'కరోనా యోధుడు' అంటుంది. యోధుడు జీతం అడగడు, సెలవు అడగడు, కవచం లేదని మొరపెట్టుకోడు. అడిగితే యోధుడు కాడు, పిరికివాడు, ఇంకా చెప్పాలంటే ద్రోహి. నారాయణుడు అని ఇంకో బిరుదు ఉండనే ఉంది డాక్టరుకు. దేవుడికి మాస్కు ఎందుకు? బిరుదు ఎంత పెద్దదైతే నోరు తెరిచే జాగా అంత చిన్నదవుతుంది. సుధాకర్ మాస్కు అడగడం నేరం కావడానికి ఆ బిరుదు కూడా ఒక చెయ్యి వేసింది. 

ఇక్కడ మా దీన్ నాకు ఒక దారి చూపుతుంది. మనిషిని దేవుణ్ణి చెయ్యకూడదన్నది మాకు మొట్టమొదటి పాఠం. మనిషి మనిషే. అలసిపోతాడు, భయపడతాడు, కూలి అడుగుతాడు. పనివాడి చెమట ఆరకముందే కూలి ఇచ్చెయ్యమన్న ప్రవక్త బోధ మా మసీదుల్లో తరచూ వినేదే. వినడం వరకే. హిందూపురంలో బీడీ కంపెనీ ఉన్నా, బట్టల కొట్టు ఉన్నా, ముస్లిం యజమాని కూలి ఇచ్చే తీరు వేరేగా ఉంటుందని నేను చెప్పలేను. బోధలో ఉన్న న్యాయం మాత్రం సరైనది. అందులో దీవెన లేదు, పొగడ్త లేదు. లెక్క ఉంది, గడువు ఉంది.

లెక్క అంటే గుర్తొచ్చింది. 2020 సెప్టెంబరులో పార్లమెంటులో ప్రశ్న వచ్చింది: ఎంతమంది వైద్య సిబ్బంది కరోనాకు బలయ్యారు? ఆరోగ్యం రాష్ట్రాల విషయం, కేంద్రం దగ్గర ఆ వివరాలు లేవని జవాబు. భారత వైద్య సంఘం కోపంతో 382 మంది డాక్టర్ల లెక్క బయటపెట్టింది. అవి డాక్టర్లవి మాత్రమే. నర్సులవి, వార్డుబాయ్‌లవి, అంబులెన్సు డ్రైవర్లవి, ఆసుపత్రి కడిగేవాళ్ళవి ఎవరు రాసినారు? వాళ్ళకూ సంఘాలున్నాయి, గానీ ఆ సంఘాల కాగితాలు పత్రికల మొదటి పేజీకి రావు. మార్చి 26న ఆరోగ్య సిబ్బందికి 50 లక్షల బీమా ప్రకటించింది కూడా ఈ కేంద్రమే. మంచి పని. కానీ ఇంటింటికీ పళ్ళెం మోగించగలిగినవాళ్ళు చనిపోయినవాళ్ళ పేర్లు ఒక పుస్తకంలో రాయలేకపోయినారు. పేరు లేని అప్పును ఎవరు ఎవరికి తీర్చాలి?

ఇది మనదొక్కటే జబ్బు కాదు. బ్రిటన్‌లో 2020 మార్చి 26 నుంచి పది గురువారాలు రాత్రి 8 గంటలకు వీధుల్లోకి వచ్చి చప్పట్లు కొట్టినారు. మన తెలుగు డాక్టర్లు ఎందరో పనిచేసే ఎన్‌హెచ్‌ఎస్ కోసం. అక్కడ కరోనాకు మొదట చనిపోయిన నలుగురు డాక్టర్లూ ముస్లింలే. సూడాన్, నైజీరియా, పాకిస్తాన్ మూలాలవాళ్ళు. వలసవాళ్ళు ఎక్కువైపోయినారని ఓట్లేసుకున్న దేశం వాళ్ళ కోసం చప్పట్లు కొట్టింది. మరుసటి ఏడాది మార్చిలో జీతం పెంపు మాటొస్తే ప్రభుత్వం ఒక్క శాతం అంది. నర్సులు మళ్ళీ చప్పట్లు కొట్టినారు. ఈసారి వెటకారంగా.

అయితే, పక్కింటి గురించి ఇంతసేపు మాట్లాడి మా ఇంటి గురించి మాట్లాడకపోతే అది న్యాయం కాదు. ఏప్రిల్ 1న ఇండోర్ టాట్‌పట్టీ బాఖల్‌లో స్క్రీనింగుకు వచ్చిన బృందం మీద రాళ్ళు వేసింది ముస్లింలే. గాయపడిన ఇద్దరు మహిళా డాక్టర్లలో ఒకామె ముస్లిం. ఇద్దరూ మరునాడు అదే వీధికి తిరిగి వచ్చి పని చేసినారు. మనకు దగ్గర్లోని బెంగుళూరులో సాదిక్ లేఔట్‌లో ఆశా కార్యకర్తను అడ్డగించినారు. పాదరాయనపురలో ఏప్రిల్ 19న క్వారంటైనుకు తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళ మీద పడినారు. దీనికి సమర్థన లేదు. కారణం మాత్రం ఉంది. ఏప్రిల్ 1న మొదలు కావలసిన ఎన్‌పీఆర్ లెక్కలు వాయిదా పడినాయని వారం ముందే ప్రకటన వచ్చింది. అయినా భయం వాయిదా పడలేదు. చేతిలో కాగితం పట్టుకొని వచ్చి, ఇంట్లో ఎంతమంది, ఎక్కడినుంచి వచ్చినారు, ఢిల్లీకి ఎవరైనా పోయినారా అని అడిగే ఆడమనిషి ఎన్‌పీఆర్ మనిషో జ్వరం మనిషో ఎట్లా తెలుస్తుంది? తెలుస్తుంది. ఆమెను ముందే ఎరిగి ఉంటే తెలుస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. మన వీధికి ఏళ్ళ తరబడి పోలియో చుక్కలు తెచ్చిన మనిషి ముఖం మనం ఎన్నడైనా చూసినామా?

అమరాపురంలో మా వీధులకు వచ్చే ఆశామె మాదిగ పల్లె నుంచి వస్తుంది. 2020లో ఆమె రోజుకు ఎన్ని గడపలు ఎక్కి దిగిందో ఆమె కాళ్ళకే తెలుసు. ఆశాలు ఉద్యోగులు కారు, కార్యకర్తలట. అందుకే వాళ్ళది జీతం కాదు, పారితోషికం. మన రాష్ట్రంలో 2019 ఆగస్టు నుంచి నెలకు పది వేలు. అంతకుముందు మూడు వేలు. కరోనా పనికి కేంద్రం నెలకు ఇంకో వెయ్యి అంది. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని పది లక్షల మంది ఆశాలకు అవార్డు ఇచ్చింది. ఆ సంగతి ఆమెకు చెప్తే "అది యాడ పెట్టుకునేదప్పా?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. చప్పట్ల గురించి అడిగితే ఆమె చెప్పింది ఇంకా ఆశ్చర్యంగా ఉంది. తనకు బాగానే అనిపించిందట. "మా పిల్లోడు కొట్టినాడు, నన్ను చూసి కొట్టినాడు" అంది. కొడుకు చప్పట్లు ఆమెకు అందినాయి. ఊరి చప్పట్లు ఆమెకని ఆమెకు తోచలేదు, డాక్టర్లకు అనుకుంది. దూరం దూరం ఉండండి అని చెప్పడానికి తిరిగిన మనిషి ఆమె. దూరం ఆమెకు కొత్తదా? కొన్ని గడపల దగ్గర ఆమె చిన్నప్పటినుంచీ దూరంగానే నిలబడింది. ఆ గడపల్లో మా సయ్యదులవీ, పఠాన్లవీ లేవా? ఉన్నాయి. మేము కూడా ఆమెకు ఎన్ని ఇళ్ళల్లో మంచినీళ్ళ చెంబు చేతికిచ్చినాం, ఎన్ని ఇళ్ళల్లో ఎత్తి పోసినాం?

దీనికి అటువైపు కథ తిరుపతిలో జరిగింది. కరోనా శవాలను సొంతవాళ్ళే ముట్టుకోని రోజుల్లో అక్కడి ముస్లిం యువకులు ఒక జాయింట్ యాక్షన్ కమిటీగా కూడి, ఏ మతం శవాన్ని ఆ మతం పద్ధతిలో సాగనంపినారు. వందల శవాలు. పత్రికలు మెచ్చుకున్నాయి. మెచ్చుకోవలసిందే. కానీ ఆ మెప్పుల్లో ఒక ఆశ్చర్యం దాగి ఉంది గమనించండి: 'ముస్లింలై ఉండి కూడా హిందువుల శవాలను...' ఆ 'ఉండి కూడా' దగ్గర మాకు ముల్లు గుచ్చుకుంటుంది. చనిపోయిన మనిషిని మట్టికో నిప్పుకో చేర్చడం మనిషి పని. మా నుంచి ఆ పాటి కూడా ఆశించలేదని చెప్పడమే కదా ఆ ఆశ్చర్యం! వాళ్ళలో పెళ్ళికాని పిల్లవాడొకడు రేపు తిరుపతిలోనో హైదరాబాదులోనో ఇల్లు వెతుక్కుంటే ఆ ఫోటో చూపించి అడగాలా?

మా దగ్గర ఒక పని జరిగింది, చెప్పి ముగిస్తాను. 2021లో టీకాలు వచ్చినప్పుడు మా వీధుల్లో పుకార్లు లేచినాయి. పిల్లలు పుట్టరట, అదట, ఇదట. ఆశామె ఇంటింటికీ తిరిగి, తలుపు మూయించుకొని, తిరిగింది. ఒక జుమ్మా నాడు ఖుత్బా అయినాక మసీదు పెద్దల్లో ఒకాయన లేచి ఆమె పేరు చెప్పినాడు. 'ఆశా వర్కరు' అనలేదు, పేరు చెప్పినాడు. ఆమె వస్తే తలుపు తియ్యండి, కూర్చోబెట్టండి, మీ సందేహం ఆమెనే అడగండి, టీకాలు వేయడానికి మదరసా గది ఇస్తున్నాం అన్నాడు. చప్పట్లు ఎవరూ కొట్టలేదు, మసీదులో కొట్టరు. మరుసటి మంగళవారం ఆమె ఆ గదిలో పెద్దగా తిరగని ఫ్యాను కింద బెంచీ వేసుకొని కూర్చుంది. మధ్యాహ్నానికి ఒక చిక్కు వచ్చింది. ఆడవాళ్ళ కోసం పరదా కట్టాలి, దుప్పటి లేదు. ఎదురింటి ఖాలా తన పెట్టెలోంచి తీసిచ్చింది. ఆ దుప్పటి తిరిగి రాలేదని ఖాలా ఇప్పటికీ అడుగుతూ ఉంటుంది, ఆశామె వచ్చినప్పుడల్లా. అడిగి, టీ పెడుతుంది.